ఆదం చేసిన దేశం

అనకాపల్లిలో చోడవరం రోడ్డు మీద ఆదంకి ఒక వడ్రంగి షెడ్డు ఉంది. తలుపులు, మంచాలు, దేవుడి మందిరాలు చేయడం వాళ్ళ నాన్న నాటి నుంచీ వస్తున్న పని. ఇప్పుడు తలుపులు ప్లాస్టిక్‌వి వస్తున్నాయి. మంచాలు అట్టపెట్టెల్లో విడివిడిగా వస్తున్నాయి. వాటిని బిగించడానికి కూడా ఒక్కోసారి ఆదంనే పిలుస్తారు. వెళ్తాడు, బిగిస్తాడు, "ఇది కర్ర కాదు" అని ఒక్కసారి చెప్పి వచ్చేస్తాడు.

మనిషికి అరవై దగ్గర పడ్డాయి. చదువు ఏడో తరగతితో ఆగింది. మాట తక్కువ. ఎవరింటికైనా వెళ్తే కూర్చునే ముందు కుర్చీని ఒకసారి కదిపి చూస్తాడు. భార్య దిల్షాద్ బేగం ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆదం గురించి ఎవరైనా అడిగితే, "ఆయన కొలత తీసుకోకుండా అన్నం కూడా తినడు" అంటుంది. ఇది మెచ్చుకోలో ఫిర్యాదో ఇన్నేళ్ళలో మా వీధిలో ఎవరికీ తేలలేదు.

అలాంటి మనిషి 2022 జూన్ నుంచి 2024 జనవరి దాకా, మధ్యలో వచ్చిన తలుపులూ మంచాలూ చేస్తూనే, భారతదేశాన్ని చేశాడు.

దీనికి కారణం దేవిశ్రీ. ఆమె హైస్కూల్లో సోషల్ టీచరు. జిల్లా స్థాయిలో ఉపాధ్యాయులు బోధన సామగ్రి ప్రదర్శించే మేళా ఒకటి జరుగుతుందనీ, దానికి కర్రతో ఒక మ్యాపు కావాలనీ ఆదం షెడ్డుకి వచ్చింది.

"పది ముక్కలైతే చాలు ఆదం గారూ. కాశ్మీరు, హైదరాబాదు, మైసూరు, అలాగ. పిల్లలు విడదీసి మళ్ళీ పేర్చుకునేలా ఉండాలి. పాఠం పేరు సంస్థానాల విలీనం."

"సంస్థానాలంటే ఏటమ్మా?"

దేవిశ్రీ చెప్పింది. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయేనాటికి దేశమంతా వాళ్ళ చేతిలో లేదు. దాదాపు అయిదింట రెండు వంతుల నేల రాజులది, నవాబులది. స్వతంత్రం వచ్చిన కొత్తలో దేశం చిల్లులు పడ్డ దుప్పటిలా ఉండేది. రెండు మూడేళ్ళలో ఆ చిల్లులన్నీ పూడాయి. ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళ యానాం వచ్చింది, పోర్చుగీసువాళ్ళ గోవా వచ్చింది, చివరికి సిక్కిం వచ్చింది. అంటే దేశం పుట్టాక కూడా ఇరవై ఎనిమిదేళ్ళు పెరుగుతూనే ఉంది.

ఆదం శ్రద్ధగా విన్నాడు.

"రాజులు ఎంతమందమ్మా?"

"అయిదు వందల అరవై రెండు."

"మరి పది ముక్కలేటి?"

"పిల్లలకి చాలండీ."

"పిల్లలకి చాలుద్దేమో. దేశానికి చాలదు కదా."

దేవిశ్రీ నవ్వింది. ఆదం నవ్వలేదు. టేపు తీసుకుని షెడ్డు గోడ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆమెకి అర్థమైంది, ఈ ఏడాది మేళాకి ఇది అందదని.

పాత మ్యాపు ఒకటి ఇంటర్నెట్లో దొరికింది. దాన్ని ఎనిమిది అడుగుల ఎత్తున వేయించడానికి ఇద్దరూ ఫ్లెక్సీ షాపుకి వెళ్ళారు. షాపాయన ఫైలు తెరిచి, "మూలని ఎవరి ఫొటో పెట్టమంటారు?" అన్నాడు. ఎవరిదీ వద్దన్నారు. "పుట్టినరోజా, సంతాపమా?" అన్నాడు. రెండూ కాదు, దేశం అన్నారు. ఫొటో లేకుండా ఫ్లెక్సీ వేయడం ఆయనకి అదే మొదలనుకుంటా, మనసొప్పక, ఖాళీగా కనిపించిన చోట "స్వాగతం" అని వేసి ఇచ్చాడు. అది అరేబియా సముద్రంలో పడింది. సముద్రం ఎలాగూ కోసి పారేసేదే కాబట్టి ఆదం అలాగే చుట్టి పట్టుకొచ్చాడు.

కర్ర కోసం ఏటికొప్పాక వెళ్ళాడు. అక్కడ లక్కబొమ్మలు చేసే పైడిరాజు అతనికి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. బొమ్మలు చేసే అంకుడు కర్ర కావాలని ఆదం అడిగితే పైడిరాజు ఆశ్చర్యపోయాడు.

"ఏటి బావా, దేశానికి అంకుడేటి? టేకెయ్యొచ్చు కదా."

"టేకు గట్టిది. సన్నం ముక్క కోత్తే చీలిపోద్ది. అంకుడు మెత్తన. మాట వింటది."

"రాజులు ఇన్నారా మరి?"

"అందరూ కాదంట."

పైడిరాజు పలకలు కోయించి ఇచ్చాడు. బొమ్మలకి వాడే ఆకు రంగులూ, గింజల రంగులూ ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్ళు ఏలిన భాగాలకి పసుపు, రాజులు ఏలిన వాటికి ఎరుపు అని ఇద్దరూ అనుకున్నారు. "ఎరుపు సాలా అవుద్ది బావా" అన్నాడు పైడిరాజు. అయింది.

పని మొదలైన వారానికే ఆదంకి ఒక సందేహం వచ్చింది. స్కూలు వదిలే వేళకి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఈ రాజులందరూ ఎలా కలిసేరు? ఊరికే ఇచ్చేసేరా?"

"చాలామంది సంతకం పెట్టారు. కొన్నిచోట్ల జనం ఓటు వేశారు. కొన్నిచోట్లకి సైన్యం వెళ్ళింది."

"ఏది ఎలాగో రాసివ్వండి. ముక్క వెనకాల రాత్తాను."

"వెనక ఎవరు చూస్తారండీ?"

"తిప్పినోడు చూత్తాడు."

అలా ప్రతి ముక్క వెనకా మూడు మాటలు చేరాయి. ఊరి పేరు, కలిసిన ఏడు, కలిసిన తీరు. దేవిశ్రీ ఆదివారాల్లో పుస్తకాలు తిరగేసి జాబితా పంపేది. ఆదం వడ్రంగి పెన్సిలుతో, గుండ్రటి ఏడో తరగతి అక్షరాలతో రాసేవాడు. సంతకం, సంతకం, సంతకం. ఒకేరోజు ముప్పై సంతకాలు రాసి, "వీళ్ళందరికీ ఒకే కలం ఇచ్చేరేమో" అన్నాడు దిల్షాద్‌తో.

జునాగఢ్ దగ్గర కొంచెం ఎక్కువ రాయాల్సి వచ్చింది. అక్కడి నవాబు పాకిస్తాన్‌లో కలుస్తానన్నాడు, తర్వాత పెంపుడు కుక్కల్ని తీసుకుని విమానం ఎక్కి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత జనం ఓటు వేశారు. దిల్షాద్ మిషను ఆపి, "భార్యల్ని కూడా తీస్కెళ్ళేడా?" అని అడిగింది. ఆదం జాబితా చూశాడు. భార్యల సంగతి జాబితాలో లేదు. మర్నాడు దేవిశ్రీని అడిగితే, ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉందని చెప్పింది. "కుక్కల విషయంలో మాత్రం అన్నీ ఒకటే చెప్తున్నాయి" అంది. దిల్షాద్ మిషను మళ్ళీ తొక్కింది.

హైదరాబాదు ముక్క చపాతీ పీటకన్నా కొంచెం పెద్దది. దాని గురించి ఏం రాయాలో దేవిశ్రీ కాగితం మీద పంపలేదు, తనే వచ్చి చెప్పింది. 1948 సెప్టెంబరులో సైన్యం వెళ్ళింది, అయిదు రోజుల్లో అయిపోయింది. అంతకుముందు రజాకార్లు జనాన్ని చంపారు. సైన్యం వచ్చాక కొన్ని జిల్లాల్లో గుంపులు ముస్లింల మీద పడి చంపాయి. ఎంతమంది అన్నదాని మీద ఇప్పటికీ గొడవ ఉంది.

ఆదం రంపం కింద పెట్టాడు. కాసేపు షెడ్డు ముందు నిలబడి రోడ్డు చూశాడు. బెల్లం దిమ్మలు వేసుకుని ఒక లారీ వెళ్ళింది, అచ్యుతాపురం కంపెనీ బస్సు వెళ్ళింది. లోపలికి వచ్చి ముక్క తిప్పి రాశాడు: హైదరాబాదు, 1948, సైన్యం. కొంచెం ఆగి దాని కిందే ఇంకో మాట చేర్చాడు: జనం పోయేరు. ఏ జనమో రాయలేదు. దేవిశ్రీ చదివి, మార్చమని చెప్పలేదు.

అసలు కష్టం గుజరాత్ వైపు కాఠియావాడ్‌లో ఎదురైంది. ఆ కొంచెం నేలలోనే రెండు వందల పైచిలుకు రాజ్యాలు. కొన్నిటికి చదరపు మైలు కూడా లేదు. ఒకదాంట్లో మొత్తం జనం రెండు వందల మంది. దాన్ని పళ్ళు కుట్టుకునే పుల్ల చివర కోసి చేశాడు. నిజానికి కొలత ప్రకారం అంతకన్నా చిన్నది రావాలి, కానీ అంతకన్నా సన్నంగా రంపం కోయలేకపోయింది.

"ఇక్కడ రాజు ఎక్కడ పడుకునేవాడో" అన్నాడు ఆదం.

ఎండాకాలం షెడ్డులో ఫ్యాను వేస్తే పదకొండు రాజ్యాలు ఎగిరిపోయాయి. ఏడు దొరికాయి, నాలుగు మళ్ళీ కోశాడు. అప్పటినుంచి మే నెలాఖరు దాకా ఫ్యాను వేయలేదు. కాఠియావాడ్ మొత్తాన్ని ఇంటికి తెచ్చి దిల్షాద్ పోపుల డబ్బాలో అరలు అరలుగా పెట్టాడు. పోపులు గిన్నెలోకి మారాయి. దిల్షాద్ రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు ఉప్మాలో ఆదం పంటి కింద ఏదో తగిలింది. బయటికి తీసి చూశాడు. ఎర్రగా ఉంది.

"మిరపకాయ ముక్క" అంది దిల్షాద్.

ఆదం కడిగి, కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. వెనకాల "సం" అని ఉంది. సంతకం అని పూర్తిగా రాయడానికి చోటు చాలక అలా రాసినది.

"నా పోపుల డబ్బాలోకి రాజుల్ని తెచ్చి పడేత్తే నేనేటి సేసేది?" అంది దిల్షాద్. ఆ రోజు సాయంత్రమే ఆదం ఆమెకి కొత్త పోపుల పెట్టె చేసి ఇచ్చాడు. రోజ్‌వుడ్, తొమ్మిది అరలు, జారుడు మూత. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆమె కోసం ప్రత్యేకంగా చేసిన మొదటి వస్తువు అదేనని ఆమె మా ఇంటికి తెచ్చి చూపించింది.

యానాం విషయంలో మాత్రం ఇంట్లో గట్టి తగువే జరిగింది. దిల్షాద్ పుట్టిల్లు అక్కడే. వాళ్ళ తాత ఫ్రెంచివాళ్ళ కాలంలో కస్టమ్స్ ఆఫీసులో బంట్రోతు. ఆదం తెచ్చి చూపించిన యానాం కందిపప్పు బద్దంత ఉంది.

"మా ఊరు ఇంతేనా?"

"కొలత ప్రకారం అంతే."

"మా తాతకి ఫ్రెంచి వచ్చు."

"కొలతకి ఆ సంగతి తెల్దు కదా."

యానాం పెరగలేదు. అయితే వెనకాల రాతలో దిల్షాద్ చెప్పినదే నిలిచింది. 1954లో అక్కడ రాజూ లేడు, ఓటూ లేదు. జనమే వెళ్ళి జెండా మార్చారని ఆమె తాత చెప్పేవాడు. దేవిశ్రీ పుస్తకం కూడా దాదాపు అదే చెప్పింది. కాబట్టి యానాం వెనక, చాలా చిన్న అక్షరాలతో, "జనం" అని ఉంటుంది.

ఇంతలో నానాజీకి కోపం వచ్చింది. నానాజీ బెల్లం మార్కెట్లో ముప్పై అయిదేళ్ళు కాటా వేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. రోజూ ఉదయం షెడ్డులో కూర్చుని పేపరు చదువుతాడు. ఒకరోజు కళ్ళద్దాలు సర్దుకుని మ్యాపులో మన వైపు చూశాడు. మొత్తం పసుపు.

"మన విజయనగరం ఏది బావా?"

"అది జమీందారీ అంట. రాజ్యం కాదంట."

"కోటుంది. ఏనుగులుండేవి. బొబ్బిలితో యుద్ధం జరిగింది. రాజ్యం కాదా?"

"కిస్తీ కట్టేవోరంట ఇంగ్లీషోళ్ళకి. లెక్కలోకి రాదని మేడం సెప్పేరు."

నానాజీ పుల్లముక్కల కాఠియావాడ్ వైపు వేలు చూపించాడు. "పళ్ళు కుట్టుకునే పుల్ల రాజ్యమూ, మన విజయనగరం కాదూ?" అని పేపరు మడిచి వెళ్ళిపోయాడు. నెలన్నర షెడ్డు మొహం చూడలేదు. ఎదురుగా టీ కొట్లో కూర్చుని ఇటు వీపు పెట్టి పేపరు చదివేవాడు. ఆదంకి ఇది బాధగానే ఉంది, కానీ చరిత్ర మార్చే పని అతనిది కాదు. చివరికి విజయనగరాన్ని విడిగా ఒక చెక్క కోసి, ఎర్ర రంగు వేసి, నానాజీ ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చాడు. "ఇది మ్యాపులోది కాదు. నీది" అన్నాడు. నానాజీ దాన్ని టీవీ పక్కన పెట్టుకున్నాడు. మర్నాడు పేపరుతో వచ్చేశాడు.

2024 జనవరిలో మేళా. ముక్కలన్నిటినీ గుడ్డల్లో చుట్టి టాటా ఏస్‌లో తీసుకెళ్ళారు. పేర్చడానికి ముందురోజు పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పట్టింది. హాల్లో ఫ్యాన్లు ఆపమని అడిగితే మిగతా టీచర్లు విసుక్కున్నారు, తర్వాత దగ్గరకొచ్చి చూసి ఆపారు.

పరిశీలనకి వచ్చిన అధికారి చుట్టూ ఒకసారి తిరిగాడు. బాగుందన్నాడు. ఎన్ని సంస్థానాలు అని అడిగాడు.

"అయిదు వందల అరవై రెండు సార్" అంది దేవిశ్రీ.

"అయిదు వందల అరవై అయిదు కదమ్మా?" అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మొదటి బహుమతి థర్మోకోల్ పార్లమెంటుకి వచ్చింది. లోపల బల్బులు వెలుగుతున్నాయి. దేశానికి ప్రోత్సాహక బహుమతి వచ్చింది. ఆదం గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. తర్వాత అధికారి టీ తాగుతున్న చోటికి వెళ్ళాడు.

"సార్, ఆ మూడూ ఏవో సెబితే చేసి తెచ్చేత్తాను."

"ఏ మూడు?"

"మీరు అరవై అయిదన్నారు. నేను అరవై రెండు చేసేను."

"పుస్తకంలో అలా ఉందండీ."

"పేర్లున్నాయా సార్ పుస్తకంలో?"

అధికారి ఆలోచించాడు. మంచి మనిషే, అబద్ధం చెప్పలేదు. "పేర్లు లేవు. అయినా పేర్లు అంత ముఖ్యం కాదు, కలవడం ముఖ్యం" అన్నాడు.

"పేరు తెలీకపోతే ఏది కలిసినట్టు సార్?" అన్నాడు ఆదం. వెటకారానికి కాదు, తలుపు ఎటు తెరుచుకోవాలని అడిగినట్టే అడిగాడు. అధికారి ఖాళీ కప్పులోకి ఒకసారి చూసి, పక్క స్టాలుకి వెళ్ళాడు.

ఆ తర్వాత నెల రోజులు ఆదం సరిగ్గా పని చేయలేదు. ఒక తలుపుకి గడియ కుడివైపు పెట్టమంటే ఎడమవైపు పెట్టాడు. అలాంటిది మునుపెన్నడూ జరగలేదు. దిల్షాద్ దేవిశ్రీకి ఫోను చేసి, "ఆ మూడు ఊళ్ళేవో తొందరగా ఎతకమ్మా, మనిషి పాడైపోతన్నాడు" అంది. దేవిశ్రీ నాలుగు చోట్లకి ఉత్తరాలు రాసింది. మూడు చోట్ల నుంచి జవాబు లేదు. నాలుగోది విశాఖపట్నంలో ఉంటున్న ఒక రిటైర్డ్ చరిత్ర ప్రొఫెసరు. ఎనభై ఏళ్ళాయన. పోస్టు కార్డు రాశాడు. "నేను నా జీవితంలో మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ వేరే సంఖ్య వచ్చింది. మీవి చూడాలని ఉంది."

ఏప్రిల్లో ఆయన ఆర్టీసీ బస్సులో, చేతిసంచిలో ఒక లావాటి పుస్తకంతో వచ్చాడు. షెడ్డులో దేశం నేలమీద పరిచి ఉంది. ఆదం స్టూలు వేస్తే కూర్చోకుండా చాపమీద కూర్చుని, ఒక్కో ముక్కా ఎత్తి వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టాడు. దేవిశ్రీ, ఆదం, నానాజీ చుట్టూ కూర్చున్నారు. దిల్షాద్ రెండుసార్లు టీ పంపింది, ఒకసారి అన్నం పంపింది. హైదరాబాదు ముక్క దగ్గర ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. రెండు చేతులతో దాని చోట పెట్టాడు.

నాలుగు గంటలకి రెండు అక్షరదోషాలు పట్టుకున్నాడు. నాలుగున్నరకి కాఠియావాడ్‌లో రెండు ముక్కలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఆదం గారూ, ఇవి రెండూ ఒకే రాజువండీ. నేల రెండు చోట్ల ఉంది. మ్యాపులో ఒకచోట ఒక స్పెల్లింగు, ఇంకోచోట ఇంకో స్పెల్లింగు పడింది."

ఆదం రెండిటినీ తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు.

"అయితే నేను చేసినవి అయిదొందల అరవై ఒకటి" అన్నాడు ఆదం. మొహం తెల్లబోయింది.

"కంగారు పడకండి. మీ దగ్గర లేనివి ఆరు నా దగ్గరున్నాయి" అని ప్రొఫెసరు పుస్తకం తెరిచాడు. కొందరు వాటిని రాజ్యాలంటారు, కొందరు ఎస్టేట్లంటారు, పక్కనున్న పెద్ద రాజ్యంలో ముందే కలిపేసిన వాటిని కొందరు లెక్కేయరు. ఎవరు లెక్కపెట్టారన్నదాన్ని బట్టి సంఖ్య మారుతుంది. ఆదం ఆరు పేర్లూ పలక మీద రాసుకున్నాడు. ఎక్కడెక్కడో, ఎంతెంత కొలతో అడిగి రాసుకున్నాడు. వారంలో చేసేశాడు. మొత్తం అయిదు వందల అరవై ఏడు. ఆ సంఖ్య ఏ పుస్తకంలోనూ లేదు.

"పిల్లలకి ఏం చెప్పమంటారు సార్?" అని దేవిశ్రీ ఆయన్ని బస్సెక్కిస్తూ అడిగింది.

"పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయమనండి. తర్వాత మ్యాపు దగ్గరికి తీసుకొచ్చి లెక్కపెట్టమనండి."

ఆ జూన్ నుంచి మ్యాపు హైస్కూల్లోనే, కిటికీలు లేని ఒక గదిలో ఉంది. తొమ్మిదో తరగతి వాళ్ళు ఏటా ఒకసారి దేశాన్ని మొదటి నుంచి పేరుస్తారు. ముందు పసుపు ముక్కలు, తర్వాత తేదీల వరుసలో ఎర్రవి. నాలుగు రోజులు పడుతుంది. మొదటి ఏడాది ఆదం మూల బెంచీ మీద కూర్చుని చూశాడు. పిల్లలు ఒక్కో ముక్క తిప్పి, పైకి చదివి పెడుతున్నారు. "సంతకం" అని యాభై మంది గొంతు కలిపి అరుస్తున్నారు. మధ్యలో ఎక్కడో చిన్నారి అనే అమ్మాయి చపాతీ పీటంత ముక్క ఒకటి చదివి అరవలేదు. టీచరుగారి వైపు చూసి, మెల్లగా చదివింది. గది మొత్తం మెల్లగా అంది. ఆ రోజు ఆదం ఇంటికి వచ్చి, "బాగా చేసేనే" అన్నాడట దిల్షాద్‌తో. తన పని గురించి ఆ మాట అనడం ఆమె ముందెప్పుడూ వినలేదు.

మొన్న చీడికాడ నుంచి పరదేశి అనే హెడ్మాస్టరు షెడ్డుకి వచ్చాడు. తమ స్కూలుకి కూడా ఒకటి కావాలన్నాడు. ఇండియా కాదు, ప్రపంచం.

ఆదం చేస్తున్న మంచం కోడు పక్కన పెట్టాడు. "ఏ సంవత్సరంది సార్?" అన్నాడు.

పరదేశి గారు స్టాఫ్‌తో మాట్లాడి చెప్తానని వెళ్ళారు. ఆదం ఈలోగా ఏటికొప్పాకకి ఫోను చేసి, అంకుడు పలకలు ఎన్ని ఉన్నాయో కనుక్కున్నాడు.